ఐదు కుటుంబాల గొలుసులో ఏడు నెలలు: హౌన్‌స్లో నుంచి లోయర్ ఎర్లీకి ఒక కేసు

"బయానా ఎంత ఇచ్చారు బాబూ?" అని అడిగారు తెనాలి నుంచి ఫోన్లో పెద్దాయన. ఏమీ ఇవ్వలేదన్నాను. "అగ్రిమెంటు?" అదీ లేదన్నాను. "రూపాయి చేతులు మారలేదు, కాగితం మీద సంతకం లేదు. ఇల్లు ఖాయమైందని ఎట్లా అంటున్నారు మరి?"

ఆయన కొడుకూ కోడలూ పశ్చిమ లండన్‌లోని హౌన్‌స్లోలో రెండు పడగ్గదుల ఫ్లాట్ అమ్మి, రెడింగ్ పక్కన లోయర్ ఎర్లీలో మూడు పడగ్గదుల సెమీ (పక్కింటితో ఒక గోడ కలిసిన ఇల్లు) కొనుక్కుంటున్నారు. ఆఫర్ యాక్సెప్ట్ అయింది 2024 సెప్టెంబరులో. తాళాలు చేతికొచ్చింది 2025 ఏప్రిల్ 17న. నేను వాళ్ళకి ఇంటి అప్పు కుదిర్చే మార్ట్‌గేజ్ అడ్వైజర్‌ని. పెద్దాయన మొదటి వారంలోనే అడిగిన ఆ ప్రశ్నకి నేను నవ్వి, "ఇక్కడ పద్ధతి అదేనండీ" అనేశాను. కేసంతా అయిపోయాక వెనక్కి తిరిగి చూస్తే, మాలో ఇల్లు కొనడం అంటే ఏమిటో సరిగ్గా అర్థమైంది ఆయనకొక్కడికే. వాళ్ళ అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి ఇది రాస్తున్నాను.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆఫర్ యాక్సెప్ట్ అవడమంటే నోటిమాటే. 1989లో వచ్చిన చట్టం ప్రకారం స్థిరాస్తి ఒప్పందం రాతపూర్వకంగా, ఇరువైపులా సంతకాలతో ఉండాలి. ఆ కాగితాలు ఇద్దరు సొలిసిటర్లూ (లాయర్లు) మార్చుకునే రోజే ఎక్స్‌ఛేంజ్. సాధారణంగా ధరలో పది శాతం డిపాజిట్ కట్టేదీ ఆ రోజే. అప్పటిదాకా కొనేవాడైనా అమ్మేవాడైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. స్కాట్లండ్‌లో సర్వే రిపోర్టును అమ్మేవాళ్ళే ముందుగా తయారు చేసి పెడతారు, 2008 నుంచీ ఆ పద్ధతే. ఇంగ్లండ్‌లోనూ 2007లో అలాంటి ప్యాక్ ఒకటి తెచ్చారు, 2010లో పక్కన పెట్టేశారు. మళ్ళీ పాత పద్ధతే.

ఇక చైన్ అంటే, ఒకరి ఇల్లు అమ్ముడైతేగాని ఇంకొకరు కొనలేని స్థితి. మా చైన్ ఇలా ఉండేది. అన్నిటికన్నా కింద, మొదటిసారి ఇల్లు కొంటున్న ఒక జంట, మావాళ్ళ ఫ్లాట్‌ని 3,60,000 పౌండ్లకి కొంటున్నారు. మావాళ్ళు ఎర్లీ ఇంటిని 5,45,000కి కొంటున్నారు. ఎర్లీవాళ్ళు వోకింగమ్‌లో పెద్ద ఇంటికి పోతున్నారు. వోకింగమ్ వృద్ధ దంపతులు డోర్సెట్ తీరంలో బంగళా కొంటున్నారు. ఆ బంగళా యజమాని ఆ వేసవిలోనే చనిపోయాడు, పిల్లలు అమ్ముతున్నారు. ఐదు కుటుంబాలు, నాలుగు అమ్మకాలు, ప్రతి అమ్మకానికీ రెండువైపులా సొలిసిటర్లు. నాలుగూ ఒకే రోజు ఎక్స్‌ఛేంజ్ కావాలి, ఒకే రోజు కంప్లీట్ కావాలి, అంటే మిగతా డబ్బు చేరి తాళాలు చేతులు మారాలి. ఒక్కచోట ఆగితే అందరూ ఆగుతారు.

ఈ బొమ్మ ఒక కాగితం మీద గీసి మొదటి రోజే వాళ్ళకి ఇచ్చి ఉంటే బాగుండేది. నేను గీసింది జనవరిలో. సెప్టెంబరులో మాత్రం ఆ కోడలమ్మాయి "ఎప్పటికవుతుందన్నయ్యా?" అని అడిగితే, "క్రిస్మస్‌కి కొత్తింట్లో ఉంటారమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట ఎంత దూరం పోయిందో తర్వాత తెలిసింది. తెనాలిలో అత్తమామలు ఫిబ్రవరికి టికెట్లు కొనేశారు, మాఘమాసంలో గృహప్రవేశం చేసుకోవచ్చని. పుష్యం శూన్యమాసం కాబట్టి డిసెంబరు నెలాఖరుకి ఇంట్లో దిగిపోతే, మాఘంలో వ్రతం. నవంబరులోనే అమ్మాయి సామాను డబ్బాల్లో సర్దడం మొదలుపెట్టింది.

డబ్బు ఆలస్యం

మొదటి ఆలస్యం మావైపు నుంచే వచ్చింది. మావాళ్ళకి డిపాజిట్‌లో ఇరవై వేల పౌండ్లు తక్కువయ్యాయి. పెద్దాయన 2023లో ఒక స్థలం అమ్మి ఎఫ్‌డీ వేసుకున్నారు, అందులోంచి ఇరవై ఒక్క లక్షలు కొడుక్కి ఇస్తానన్నారు. ఇందులో మెలికలు రెండు.

ఒకటి అక్కడ. విదేశానికి పంపే డబ్బు మీద, ఏడాదికి ఏడు లక్షలు దాటిన భాగానికి అప్పట్లో బ్యాంకు ఇరవై శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకునేది. (2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు పది లక్షలైంది.) ఆయనొక్కరే పంపితే పద్నాలుగు లక్షల మీద 2.8 లక్షలు ఆగిపోతాయి. ఆయన సగం, ఆవిడ సగం పంపితే ఒక్కొక్కరికీ మూడున్నర లక్షల మీద డెబ్భై వేలు, మొత్తం 1.4 లక్షలు. ఐటీ రిటర్నులో సర్దుబాటు అవుతుంది, నిజమే. కానీ అంతవరకూ ఆ డబ్బు చేతిలో ఉండదు కదా. ఇద్దరి ఖాతాల నుంచీ పంపించాం.

రెండోది ఇక్కడ. మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో సొలిసిటర్ చూసుకోవాలి. ఆర్నెల్ల స్టేట్‌మెంట్లు, స్థలం అమ్మిన దస్తావేజు, కొడుక్కి బహుమానంగా ఇస్తున్నాం తిరిగి అడగం అన్న ఉత్తరం. దస్తావేజు తెలుగులో ఉంది, అనువాదం చేయించాలి. అనువాదం వచ్చాక ఇంకో ప్రశ్న: దస్తావేజులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకులో పొడి అక్షరం ఉంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక్కి పోయింది. వీళ్ళు ముగ్గురా, ఒక్కరేనా? మనకిది నవ్వులాట. ఆ సొలిసిటర్ బల్ల దగ్గర మూడు వారాలు. తెలుగు ఇళ్ళ కేసుల్లో ఈ ప్రశ్న రాని కేసు నాకు గుర్తులేదు. ఇప్పుడు నేను ఆఫర్ పెట్టకముందే తల్లిదండ్రుల పేర్లు ఏ కాగితంలో ఎలా ఉన్నాయో అడిగి తీసుకుంటున్నాను.

రెండో ఆలస్యమూ మాదే. ఫ్లాట్ లీజ్‌హోల్డ్, అంటే బిల్డింగు ఇంకొకరిది, ఫ్లాట్ దీర్ఘకాలం లీజు మీద మావాళ్ళది. కొనేవాళ్ళ సొలిసిటర్‌కి సర్వీస్ ఛార్జీల లెక్కలు, బీమా, రిపేర్ల ప్లాను అన్నీ కలిపిన మేనేజ్‌మెంట్ ప్యాక్ కావాలి. అది ఇచ్చేది బిల్డింగ్ చూసే ఏజెంటు. అడిగి ఫీజు కట్టాక ఏడు వారాలు పట్టింది. ఫ్లాట్ అమ్మకానికి పెట్టిన రోజే అడిగి ఉంటే ఆ ఏడు వారాలూ కొనేవాళ్ళు దొరికేలోపే గడిచిపోయేవి. మావాడు, అంటే పెద్దాయన కొడుకు, అప్పటికి రోజూ ఎర్లీవాళ్ళ ఏజెంటుకి ఫోన్ చేసి, "మీవాళ్ళు ఎందుకింత నిదానం?" అని గొడవపడుతున్నాడు. పైవాళ్ళు మా ప్యాక్ కోసం ఎదురుచూస్తున్నారని మాత్రం అతనికి తట్టలేదు.

జనవరి

క్రిస్మస్ పోయింది. జనవరి 15 వచ్చింది. ఇంగ్లండ్‌లో ఆ సెప్టెంబరుకి ప్రైమరీ బడిలో చేరే పిల్లలకి దరఖాస్తు పెట్టడానికి అదే ఆఖరి తేదీ. వాళ్ళ పాపకి నాలుగేళ్ళు. ఎక్స్‌ఛేంజ్ కాలేదు కాబట్టి కొత్త అడ్రసు వాడటానికి లేదు, హౌన్‌స్లో అడ్రసుతోనే పెట్టారు. అందులో ఎర్లీ బడి పేరు రాసినా దూరం లెక్కలో అది దక్కదు.

ఆ రాత్రి పదిన్నరకి అమ్మాయి నాకు ఫోన్ చేసింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. ఊపిరి అందట్లేదని, మూడు వారాలుగా రాత్రిళ్ళు ఇలాగే ఉందని చెప్పింది. నేను అప్పులు చూసేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. మర్నాడే జీపీకి (ఫ్యామిలీ డాక్టరుకి) చూపించుకోమన్నాను. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కి (ప్రభుత్వ కౌన్సెలింగ్ సేవకి) జీపీ చీటీ లేకుండా మనమే నేరుగా పేరు ఇచ్చుకోవచ్చని కూడా చెప్పాను. ఆమె రెండూ చేసింది. తెలుగువాళ్ళం ఇల్లు కొంటూ ఏడుస్తున్నామని చెప్పుకోవడానికి సిగ్గుపడతాం. నలుగురూ అదృష్టం అంటుంటే కష్టమని ఎలా అంటాం?

ఆ శనివారం వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళాను. హాల్లో డబ్బాలు నడుములెత్తు. రైస్ కుక్కర్ ఏ డబ్బాలో ఉందో తెలియక రెండు నెలలుగా గిన్నెలో అన్నం వారుస్తున్నారు. పాప స్వెట్టర్లు దొరక్క కొత్తవి కొన్నారు. దేవుడి పటాలు బబుల్ రాప్‌లో. మావాడు సోఫాలో కూర్చుని ఫోన్ తడుముకుంటున్నాడు. రోజుకి ముప్ఫైసార్లు ఈమెయిల్ చూస్తాడట, రాత్రి రెండింటికి లేచి కూడా.

అక్కడే ఆ ఐదు కుటుంబాల బొమ్మ గీశాను. ఒక్కో ఇంటి కింద ఏ పని మిగిలిందో, అది ఎవరి చేతిలో ఉందో, ఆఖరిసారి ఎప్పుడు అడిగామో రాశాను. రాస్తుంటేనే తేలింది, అసలు బిగింపు పైన డోర్సెట్‌లో ఉందని. చనిపోయినాయన ఆస్తి అమ్మాలంటే వారసులకి గ్రాంట్ ఆఫ్ ప్రొబేట్ (ఆ ఆస్తి వ్యవహారం చూసే అధికారం ఇచ్చే కోర్టు కాగితం) రావాలి. దరఖాస్తు అక్టోబరులో పెట్టారు. అది రాకుండా కంప్లీషన్ జరగదు. దానికి మేమెవరమూ చేయగలిగింది ఏమీ లేదు. వింతేమిటంటే, ఆ సంగతి తెలిశాక మావాడి ముఖం కాస్త తేలికపడింది. ఎవరో కావాలని తొక్కిపెడుతున్నారన్న అనుమానం అతన్ని తినేస్తోంది. ఏ ఊళ్ళో ఏ కాగితం ఆగిందో తెలిశాక ఆ అనుమానం పోయింది.

ఇక ఒప్పందాలు చేసుకున్నాం. మంగళవారం, శుక్రవారం నేను ఏజెంటుకి, సొలిసిటర్‌కి ఫోన్ చేసి ఆ కాగితం మీద తాజా వివరం రాస్తాను. శుక్రవారం సాయంత్రం ఆరింటికి అతనికి ఫోన్ చేస్తాను, చెప్పడానికి కబురేమీ లేకపోయినా సరే. మిగతా రోజుల్లో అతను ఎవరికీ ఫోన్ చేయకూడదు. మొదటి రెండు వారాలు తప్పాడు, మూడో వారం నుంచి పాటించాడు. కబురేమీ లేని శుక్రవారం ఫోన్లే అన్నిటికన్నా పనికొచ్చాయని తర్వాత అతనే అన్నాడు.

డబ్బాల్లో మూడు విప్పించాను: వంటింటిది, పాప బట్టలది, దేవుడి పటాలది. అమ్మాయి ఒప్పుకోలేదు, "మళ్ళీ సర్దాలి కదన్నయ్యా" అంది. సర్దుకోవడానికి రెండు పూటలు చాలు. విప్పకుండా ఇంకెన్ని నెలలు ఉంటారో ఎవరికి తెలుసు? ఆ సాయంత్రం రైస్ కుక్కర్ బయటికొచ్చింది. చుట్టాల గ్రూపులో "ఇల్లు ఏమైంది" అన్న ప్రశ్నకి జవాబు పెద్దాయనే పెట్టారు: అయ్యాక మేమే చెబుతాం, అంతవరకూ పిల్లల్ని అడక్కండి. ఆయన మాటకి ఎదురు లేదు.

గడువు తీరిపోయే కాగితాలు

ఫిబ్రవరిలో అత్తమామలు వచ్చేశారు, గృహప్రవేశానికి, రెండు పడగ్గదుల ఫ్లాట్‌కి. అదే నెలలో చైన్ మాకింకో పాఠం చెప్పింది. పైన ఆలస్యమైతే కింద ఊరికే వేచి ఉంటే సరిపోదు, తీరిపోయిన పనులు మళ్ళీ పుట్టుకొస్తాయి.

2017లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయాక, ఎత్తైన బిల్డింగుల బయటి గోడలు ఎంత భద్రమో చెప్పే ఈడబ్ల్యూఎస్1 అనే ఫారం 2019 డిసెంబరులో వచ్చింది. దానికి ఐదేళ్ళ గడువు. మావాళ్ళ బిల్డింగుది 2020 ఫిబ్రవరిలో సంతకమైంది. నవంబరులో కొనేవాళ్ళ బ్యాంకు ఆ ఫారం చూసి సరేనంది. ఫిబ్రవరిలో గడువు తీరగానే కొత్తది కావాలంది. అదృష్టవశాత్తూ బిల్డింగు యజమాని అప్పటికే కొత్త తనిఖీ మొదలుపెట్టాడు, మార్చి మూడో వారంలో ఫారం వచ్చింది. లోకల్ సర్చెస్ (ఆ స్థలం గురించి కౌన్సిల్ దగ్గర తీసే వివరాలు) కూడా అంతే, కంప్లీషన్ నాటికి ఆర్నెల్లు దాటితే బ్యాంకులు ఒప్పుకోవు. మా మార్ట్‌గేజ్ ఆఫర్‌ది కూడా ఆర్నెల్ల గడువే, ఏప్రిల్ 21న తీరుతుంది. ఆ రోజు ఈస్టర్ సోమవారం, సెలవు. ముందు శుక్రవారం గుడ్ ఫ్రైడే, అదీ సెలవే. అంటే మాకు మిగిలిన ఆఖరి పనిదినం ఏప్రిల్ 17, గురువారం.

వీటన్నిటికన్నా ముందు ఇంకో తేదీ ఉంది. మార్చి 31తో స్టాంప్ డ్యూటీ పాత హద్దులు ముగుస్తాయి. మొదటిసారి కొనేవాళ్ళకి 4,25,000 దాకా పన్ను లేదు, ఏప్రిల్ 1 నుంచి 3,00,000 దాకానే. మా కింది జంటకి సున్నా కాస్తా మూడు వేల పౌండ్లవుతుంది. మావాళ్ళకి 14,750 కాస్తా 17,250 అవుతుంది. దేశమంతా ఆ నెలలో ఇదే పరుగు.

మార్చి రెండో వారంలో డోర్సెట్ గ్రాంటు వచ్చింది. 28వ తేదీ శుక్రవారం కంప్లీషన్ అన్నారు. పెద్దావిడ పంచాంగం తీసింది. శుక్రవారం చతుర్దశి, తెల్లారితే అమావాస్య, అందులోనూ సూర్యగ్రహణం, అదీ ఇక్కడ కనిపించేది. ఆవిడ కాసేపు ఆలోచించి, "పోనీలే, ఆదివారం ఉగాది. పచ్చడి కొత్తింట్లో చేద్దాం" అంది. గ్రహణానికి ఒప్పుకున్న ఆవిడ, వోకింగమ్ దంపతులకి రిమూవల్ వ్యాను దొరకలేదన్న కారణానికి మాత్రం ఒప్పుకోలేకపోయింది. ఎనభై దాటిన ఇద్దరు, ముప్ఫై ఏళ్ళ సామాను, పది రోజుల్లో ఖాళీ చేయమంటే వాళ్ళ వల్ల కాలేదు, ఆ తేదీ తప్పిపోయింది. ఉగాది పచ్చడి డబ్బాల మధ్యే చేసుకున్నారు.

మూడు వేల పౌండ్లు

ఉగాదికి ముందే, మార్చి 24న, కింది జంట ఏజెంటు ద్వారా కబురు పంపింది. పన్ను మూడు వేలు పెరిగింది కాబట్టి ఫ్లాట్ ధర మూడు వేలు తగ్గించండి, లేకపోతే మానుకుంటాం.

మావాడు మండిపడ్డాడు. "మాకూ రెండున్నర వేలు పెరిగింది కదన్నా! మమ్మల్ని ఎవరు తగ్గిస్తున్నారు?" న్యాయమే. ఆ రాత్రి అతనితో వాదించలేదు. పొద్దున్నే లెక్క పంపాను. వాళ్ళు పోతే కొత్తవాళ్ళు దొరకాలి, మళ్ళీ మూడు నెలలకి తక్కువ కాదు, మార్ట్‌గేజ్ ఆఫర్ పోతుంది, సర్చెస్ మళ్ళీ చేయాలి, ఎర్లీవాళ్ళు మనకోసం ఆగుతారన్న భరోసా లేదు. ఫ్లాట్ అమ్మేసి అద్దెకి పోయి చైన్ తెంచుకుందామా అని కూడా అడిగాడు. నెలకి 1,800 చొప్పున ఆర్నెల్ల అద్దె 10,800, రెండుసార్లు సామాను మోత, పెద్దవాళ్ళతో. కొన్ని కేసుల్లో అదే సరైన దారి, ముఖ్యంగా కొనేవాళ్ళు మంచివాళ్ళై, పైన ఎప్పటికవుతుందో తెలియనప్పుడు. ఇక్కడ పైన దారి తెరుచుకుంది, మిగిలింది మూడు వేలే.

ఎర్లీ ఇంటి ఏజెంటుకి ఫోన్ చేశాను. ఈ మూడు వేలు మా ఒక్కరి సమస్య కాదు, ఇక్కడ తెగితే మీ నాలుగు కమీషన్లూ తెగుతాయి అన్నాను. రెండు రోజుల బేరం తర్వాత మావాళ్ళు 1,500 భరించారు, ఎర్లీవాళ్ళు తమ ధరలో 1,000 తగ్గించారు, మావాళ్ళ ఫ్లాట్ అమ్మిన ఏజెంటు తన ఫీజులో 500 వదులుకున్నాడు. దీనికి ఏ చట్టమూ లేదు, ఏ ఫారమూ లేదు. పెద్దాయన విని, "ఇది మాత్రం మా తెనాలి పద్ధతే" అన్నారు.

ఏప్రిల్ 10న నాలుగు ఎక్స్‌ఛేంజ్‌లూ గంటన్నరలో అయిపోయాయి. ఆ రోజు మాత్రమే నేను మొదటిసారి తేదీ చెప్పాను. 16న బడి ఫలితాలు వచ్చాయి, హౌన్‌స్లో బడిలో సీటు. ఎర్లీ బడి వెయిటింగ్ లిస్టులో పేరు పెట్టారు. జనవరిలో అయితే ఇదే కబురుకి ఇల్లు అల్లకల్లోలం అయ్యేది. ఈసారి అమ్మాయి, "సరే, సెప్టెంబరు దాకా టైముంది" అని డబ్బాలకి టేపు వేసుకుంటూ ఉండిపోయింది.

ఏప్రిల్ 17

కంప్లీషన్ రోజు డబ్బు కిందనుంచి పైకి పోతుంది, ఒక సొలిసిటర్ ఖాతాలో పడ్డాకే తర్వాతివాళ్ళకి. ఫ్లాట్ ఒంటిగంటకి ఖాళీ చేసి తాళాలు ఇచ్చేశారు. వ్యాను లోయర్ ఎర్లీ వీధిలో నిలబడింది, ఎర్లీవాళ్ళ వ్యాను ఇంకా అక్కడే ఉంది. రెండు గంటలు కారులోనే. పెద్దావిడ ఒళ్ళో కుందులు, కుంకుమ భరిణె, పాల డబ్బా. వెనక సీట్లో రైస్ కుక్కర్ పట్టుకుని పాప. మూడు దాటి పది నిమిషాలకి ఏజెంటు ఫోన్ చేశాడు.

తెనాలి నుంచి పాలు పొంగించడానికని ఆవిడ కొత్త ఇత్తడి గిన్నె తెచ్చుకుంది. వంటింట్లో ఇండక్షన్ స్టవ్. గిన్నె పెట్టి ఎన్నిసార్లు నొక్కినా వెలగదు. ఇండక్షన్ మీద ఇత్తడి పనిచేయదు. చివరికి ప్రెషర్ కుక్కర్ గిన్నెలో పొంగించారు, ఇత్తడి గిన్నె పక్కనే బొట్టు పెట్టి కూర్చోబెట్టారు. వ్రతం వైశాఖంలో చేసుకున్నారు, పెద్దవాళ్ళు తిరిగి వెళ్ళే ముందు.

వెళ్ళే ముందు రోజు పెద్దాయన ఫోన్ చేశారు. "బాబూ, రిజిస్ట్రేషన్ అయిందా? దస్తావేజు ఇంకా రాలేదేం?" ఇక్కడ కాగితం దస్తావేజు ఇవ్వరని, ల్యాండ్ రిజిస్ట్రీ కంప్యూటర్లో పేరు మారుతుందని, సొలిసిటర్ దరఖాస్తు పంపాడని చెప్పాను.

"ఎప్పటికి మారుతుంది?"

"దరఖాస్తు వెళ్ళిందండీ" అన్నాను.